గిటార్ యాంపుల టోన్‌ని సరిగ్గా పోల్చడం ఎలా: కరెంటు ప్లగ్గు నుంచి చెవి పరీక్ష దాకా

రెండు యాంపులు పక్కపక్కన పెట్టి, ఒకదాన్నుంచి జాక్ పీకి ఇంకోదాంట్లో గుచ్చి, నాలుగు కార్డులు వాయించి తీర్పు చెప్పేస్తే చాలాసార్లు గెలిచేది కాస్త గట్టిగా మోగిన యాంపే. ఒక డెసిబెల్ తేడాని మన చెవి ‘గట్టిగా ఉంది’ అని పట్టుకోదు. ‘నిండుగా ఉంది’, ‘విడివిడిగా వినిపిస్తోంది’ అని పట్టుకుంటుంది. చిక్కంతా అక్కడే.

కాబట్టి ముందు మూడింటిని సమం చేయాలి: వాయింపు, స్పీకర్, శబ్దస్థాయి. ఆ మూడూ సమమయ్యాక కూడా ఏ తేడా మిగిలితే అదే యాంప్ సొంత టోన్.

ఉదాహరణలకు నాలుగు యాంపుల్ని తీసుకుందాం. ఫెండర్ డీలక్స్ రివర్బ్ (22 వాట్లు, రెండు 6వీ6 ట్యూబులు), వాక్స్ ఏసీ30 (30 వాట్లు, నాలుగు ఈఎల్84), మార్షల్ జేసీఎం800 2203 (100 వాట్లు, నాలుగు ఈఎల్34), రోలండ్ జేసీ-120 (ట్యూబులు లేని సాలిడ్ స్టేట్, 60+60 వాట్లు). మీ దగ్గర ఉన్నది 20 వాట్ల ప్రాక్టీస్ యాంపే అయినా పద్ధతి మారదు.

1. ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

‘ఏ యాంప్ బాగుంది’ అన్నదాంట్లో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒక్కోదానికి ఏర్పాటు వేరు.

- ఏది కొనాలి? కాంబోని (యాంప్, స్పీకర్ ఒకే డబ్బాలో ఉన్నదాన్ని) దాని సొంత స్పీకర్‌తోనే వినాలి. మీరు ఇంటికి తెచ్చుకునేది డబ్బాతో సహా కదా.
- సర్క్యూట్ల మధ్య తేడా ఏమిటి? అన్నిటినీ ఒకే క్యాబినెట్ (విడి స్పీకర్ పెట్టె) లోంచి వినాలి.
- రికార్డింగ్‌కి ఏది? గదిలో విన్నది లెక్కలోకి రాదు, మైక్ పట్టుకున్నదే వినాలి.

మూడింటినీ ఒకే పూట కలిపేస్తే ఒక్కదానికీ సమాధానం దొరకదు. నోట్‌బుక్‌లో పై వరసనే ‘ఈ రోజు ప్రశ్న’ అని రాసుకుని మొదలుపెట్టండి.

2. సామాను

- గిటార్ 1. తీగలు మరీ కొత్తవి కాకుండా, ఒకటి రెండు రోజులు వాయించినవైతే మేలు. కొత్త తీగల మెరుపు మొదటి గంటలోనే తగ్గుతూ వస్తుంది.
- 3 మీటర్ల గిటార్ కేబుళ్లు 4, అన్నీ ఒకే రకం. మామూలు కేబుల్‌కి మీటరుకు 100 పికోఫ్యారడ్ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. పొడుగు పెరిగేకొద్దీ పై స్వరాలు మొద్దుబారతాయి.
- లూపర్ పెడల్ 1. వాయించిన ముక్కని రికార్డు చేసి మళ్లీ మళ్లీ మోగించేది ఇదే.
- ఏబీవై బాక్స్ 1. గిటార్ సిగ్నల్‌ని ఒక యాంప్‌కి గానీ, రెండోదానికి గానీ, రెండిటికీ గానీ పంపే స్విచ్ డబ్బా ఇది. ట్రాన్స్‌ఫార్మర్‌తో ఐసొలేట్ అయిన అవుట్‌పుట్ ఉన్నదే తీసుకోండి.
- క్యాబినెట్ 1, దానికి తగ్గ స్పీకర్ కేబుల్ 1. గిటార్ కేబుల్‌ని స్పీకర్ కేబుల్‌గా వాడొద్దు.
- శబ్దస్థాయి కొలిచే యాప్ ఉన్న ఫోన్, ట్రైపాడ్.
- మల్టీమీటర్, మాస్కింగ్ టేప్, మార్కర్, నోట్‌బుక్.
- రికార్డు చేసేటట్టయితే షూర్ ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైక్, స్టాండ్, ఆడియో ఇంటర్‌ఫేస్.

3. కరెంటు, ఎర్త్

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. మన ఇళ్లలో మాత్రం ఇదే మొదటి పని.

ట్యూబ్ యాంప్ లోపలి వోల్టేజీ మెయిన్స్‌ని బట్టి పైకీ కిందికీ పోతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట సాయంత్రం లోడ్ పెరిగి 207కి పడితే, యాంప్ ఇవ్వగల క్లీన్ పవర్ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. డిస్టార్షన్ (శబ్దం పగలడం) ముందే మొదలవుతుంది, బేస్ మెత్తబడుతుంది. మధ్యాహ్నం ఒక యాంప్, రాత్రి ఏడింటికి ఇంకో యాంప్ విని రాసుకున్న నోట్సుని పోల్చి లాభం లేదు.

- అన్ని యాంపులూ ఒకే సమయంలో, ఒకే స్విచ్‌బోర్డు నుంచి నడవాలి.
- ప్రతి రౌండుకు ముందు మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి రాసుకోండి. 5 వోల్టులకు మించి మారితే ఆగి, స్టెబిలైజర్ పెట్టుకోండి.
- న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో చూపించకపోతే ఆ ప్లగ్గుకి ఎర్త్ సరిగా లేనట్టే. సాకెట్‌లో ప్రోబ్ పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.
- స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పోలిక పెట్టొద్దు. వచ్చే బుర్రు శబ్దాన్ని యాంప్ మీదకు తోసేస్తారు.
- ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్, నాసిరకం ఎల్ఈడీ లైట్లు ఆపేయండి. సింగిల్ కాయిల్ పికప్ వీటన్నిటినీ పట్టేస్తుంది.
- అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యాంప్‌ని నేరుగా గుచ్చొద్దు. తగిన వాటేజీ ఉన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

రెండు యాంపులు ఒకేసారి ఏబీవై బాక్సుకి కలిపితే హమ్ రావచ్చు. దానికి మందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ప్లగ్గు మూడో పిన్ను తీసేస్తే హమ్ పోతుంది కానీ, లోపం వచ్చిన రోజున షాక్ మీ చేతిలోని తీగల మీదుగా వస్తుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయొద్దు.

4. చోటు

12 అంగుళాల స్పీకర్ పై స్వరాల్ని టార్చిలైట్‌లా ముందుకే కొడుతుంది. సూటిగా ఎదురుగా ఉంటే గుచ్చుతుంది, పక్కకు జరిగితే మొద్దుగా ఉంటుంది. నేల మీద పెట్టిన కాంబో మీ మోకాళ్లకే వాయిస్తుంది. మీరు ట్రెబుల్ పెంచుకుంటూ పోతారు, ముందు వరసలో కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటారు.

- స్పీకర్ మధ్యభాగం కూర్చున్న మీ చెవి ఎత్తుకు రావాలి. గట్టి బల్లో, యాంప్ స్టాండో వాడండి.
- వెనక గోడకు, పక్క గోడకు దూరం అన్నిటికీ ఒకటే. మూలలో పెట్టిన యాంప్‌కి ఊరికే బేస్ కలిసొస్తుంది.
- వినే కుర్చీని స్పీకర్‌కి 2 మీటర్ల దూరంలో పెట్టి, నేల మీద టేప్ అంటించండి.
- రెండు కాంబోలు పక్కపక్కన ఉంటే రౌండ్ మధ్యలో వాటి స్థానాలు మార్చి మళ్లీ వినండి. తీర్పు కూడా మారిందంటే మీరు విన్నది గదిని.

డీలక్స్ రివర్బ్, ఏసీ30, జేసీ-120 వెనక తెరిచి ఉండే కాంబోలు. వెనక గోడకి తగిలి వచ్చే శబ్దం కూడా వాటి టోన్‌లో భాగమే కాబట్టి వాటిని గోడకు ఆనించి పెట్టకండి.

5. స్పీకర్

సర్క్యూట్‌నే పోల్చాలంటే స్పీకర్‌ని ఒకటే ఉంచాలి. స్పీకర్ల కంపెనీ సెలెస్టియన్ లెక్కల ప్రకారం దాని గ్రీన్‌బ్యాక్ మోడల్ సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 98 డెసిబెల్స్, వింటేజ్ 30 మోడల్‌ది 100. అంటే అదే యాంప్, అదే నాబ్ స్థానం, స్పీకర్ ఒక్కటి మారితే చాలు, 2 డెసిబెల్స్ ఊరికే పెరుగుతాయి. పైగా వింటేజ్ 30కి పై మధ్యస్థాయిలో ఉండే పొడుపు గ్రీన్‌బ్యాక్‌లో అంతగా ఉండదు. ‘ఫెండర్ సౌండు, మార్షల్ సౌండు’ అని మనం అనుకునేదాంట్లో పెద్ద వాటా స్పీకర్‌దే.

ట్యూబ్ హెడ్లు (స్పీకర్ లేని విడి యాంపులు) మార్చే క్రమం ఇది. దీంట్లో తడబడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

1. యాంప్ వాల్యూమ్ సున్నాకి తేండి.
2. స్టాండ్‌బై స్విచ్ (ట్యూబుల్ని వేడిగా ఉంచి శబ్దం మాత్రం ఆపేది) వేసి, తర్వాత పవర్ ఆపండి.
3. స్పీకర్ కేబుల్ తీసి రెండో హెడ్‌కి గుచ్చండి. క్యాబినెట్ 8 ఓమ్‌లైతే 8 ఓమ్ జాక్‌లోనే, 16 అయితే 16లోనే.
4. కేబుల్ రెండు కొసలూ గట్టిగా ఉన్నాయో లేదో చేత్తో చూడండి.
5. అప్పుడు పవర్, ఒక నిమిషం ఆగి స్టాండ్‌బై తీయండి.

ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ గానీ, స్పీకర్ బదులు యాంప్ పవర్‌ని నిశ్శబ్దంగా తీసుకునే లోడ్ బాక్స్ గానీ లేకుండా నడపకూడదు. రెండు యాంపుల అవుట్‌పుట్లని ఒక వై కేబుల్‌తో ఒకే క్యాబినెట్‌కి కలపడం ఇంకా ప్రమాదం. వెంటవెంటనే మార్చుకోవాలంటే, ఎంచుకోని హెడ్‌కి కూడా లోపల లోడ్ చూపించే హెడ్ స్విచర్ వాడాలి.

డీలక్స్ రివర్బ్ విషయంలో ఒక మెలిక. దాని వెనకున్న రెండో స్పీకర్ జాక్‌లో 8 ఓమ్ క్యాబినెట్ గుచ్చితే లోపలి స్పీకర్ కూడా పనిచేస్తూనే ఉంటుంది, రెండూ కలిసి 4 ఓమ్‌లవుతాయి. లోపలి స్పీకర్ జాక్ తీసేసి, ఆ మొదటి రంధ్రంలోనే మీ క్యాబినెట్ గుచ్చండి. ఇంట్లో వాడే చిన్న సాలిడ్ స్టేట్ కాంబోల్లో చాలావాటికి బయటి స్పీకర్ జాకే ఉండదు. వాటిని డబ్బాతో సహా పోల్చడమే దారి.

వెనక పలక తీసి స్పీకర్ తీగలు మార్చే పని వేరు, చాసీ విప్పే పని వేరు. ట్యూబ్ యాంప్ చాసీలో 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. పోలిక కోసం చాసీ విప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

6. ఒకే వాయింపు

చేతికి యాంప్‌ని బట్టి వాయింపు మార్చుకునే గుణం ఉంది. మెరుపు ఎక్కువున్న యాంప్ ముందు పిక్ మెత్తగా పడుతుంది, మందకొడి యాంప్ ముందు గట్టిగా. కాబట్టి మొదటి రౌండ్లన్నీ లూపర్‌తో నడపాలి.

వరస ఇలా ఉండాలి: గిటార్, లూపర్, ఏబీవై, యాంపులు. గిటార్‌కీ లూపర్‌కీ మధ్య ఏ పెడలూ వద్దు.

లూపర్ ప్లేబ్యాక్ స్థాయిని ముందు సరిచేయండి. ఒక కార్డు వాయించి రికార్డు చేసి, అదే బలంతో మళ్లీ నేరుగా వాయించండి. రెండూ ఒకే గట్టిగా వినపడేదాకా లూపర్ లెవెల్ తిప్పండి. ఇది ఎక్కువైతే యాంపులన్నీ అనవసరంగా డిస్టార్ట్ అవుతాయి.

30 నుంచి 40 సెకన్ల లూపులో ఇవి పట్టాలి:

- ఓపెన్ ఇ కార్డు, మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి, చివరిదాకా మోగనిచ్చి.
- లావు తీగ మీద ఒకే స్వరం, 5 సెకన్లు.
- 12వ ఫ్రెట్ దగ్గర రెండో తీగ మీద ఒక పూర్తి బెండ్.
- అరచేత్తో ఆపిన పవర్ కార్డులు, ఎనిమిది దెబ్బలు.
- గిటార్ వాల్యూమ్ 10 నుంచి 5కి తగ్గించి అదే ఓపెన్ కార్డు.

గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు దీనికి నెమ్మదైన జారుతో ఒక గమకం తప్పక కలుపుకోవాలి. ఒక మీటులో మూడు నాలుగు స్వరాలు సాగాలంటే దెబ్బ పడ్డాక స్వరం ఎంతసేపు నిలుస్తుందన్నదే ముఖ్యం. క్లీన్‌గా ఉంచిన జేసీ-120కీ, కాస్త పగలడం మొదలైన ఏసీ30కీ తేడా అక్కడ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

లూపర్‌కి ఒక పరిమితి ఉంది. పికప్ నేరుగా యాంప్ ఇన్‌పుట్‌తో కలిసినప్పటి స్పందన దీంట్లో రాదు. అందుకే ఆఖరి రౌండు మాత్రం చేత్తో వాయించాలి.

7. నాబులు: అన్నీ 5 దగ్గర పెట్టడం సమం చేయడం కాదు

ఫెండర్ టోన్ నాబులన్నీ 5 దగ్గర పెడితే 400–500 హెర్ట్జ్ చుట్టూ పెద్ద గుంట పడుతుంది. మార్షల్‌లో ఆ గుంట ఇంకాస్త పైన, తక్కువ లోతులో ఉంటుంది. వాక్స్ టాప్ బూస్ట్ చానల్‌కి మిడ్ నాబే లేదు. బేస్, ట్రెబుల్ రెండూ పెంచితే మధ్యస్థాయి పడిపోతుంది, రెండూ తగ్గిస్తే లేస్తుంది. ఏసీ30లోని టోన్ కట్ నాబ్ తిరకాసుది, కుడికి తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. డీలక్స్ రివర్బ్‌కీ మిడ్ నాబ్ ఉండదు. అంకెలకు ఒక యాంప్‌లో ఉన్న అర్థం ఇంకోదాంట్లో లేదు.

రెండు రౌండ్లు పెట్టుకోండి.

మొదటిది ‘దాని దారిన దాన్ని’ రౌండు. ఒక్కో యాంప్‌కి 10 నిమిషాలిచ్చి, అది బాగా పలికే చోటుకి నాబులు తెచ్చి, ఫొటో తీసుకోండి. రివర్బ్, ట్రెమొలో, కోరస్ అన్నీ సున్నా.

రెండోది ‘దగ్గరికి తెచ్చే’ రౌండు. ఒక యాంప్‌ని కదపకుండా, రెండోదాన్ని దానిలా పలికించడానికి ప్రయత్నించండి. రెండు మూడు నిమిషాల్లో దగ్గరికి వచ్చేస్తే వాటి మధ్య తేడా నాబులది, రెండూ కొనక్కర్లేదు. ఎంత తిప్పినా రాని గుణం ఏదో ఒకటి మిగిలితే దాన్నే నోట్‌బుక్‌లో రాయాలి. నా లెక్కలో మొత్తం పరీక్షలో ఎక్కువ నేర్పేది ఈ రౌండే, ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే.

గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎంత పగలగొట్టాలో నిర్ణయించే నాబుని) కూడా చెవితోనే సమం చేయాలి. లూపులో మెత్తటి కార్డు క్లీన్‌గా ఉండి, గట్టి కార్డు అప్పుడే పగలడం మొదలయ్యే బిందువు పట్టుకోండి. అన్నిటినీ ఆ బిందువు దగ్గర పెట్టండి. జేసీ-120కి ఆ బిందువు సహజంగా దొరకదు, కాబట్టి దాన్ని క్లీన్ రౌండులోనే ఉంచండి.

ఏ ఇన్‌పుట్‌లో గుచ్చారో రాసుకోండి. ఫెండర్‌లో రెండో ఇన్‌పుట్ 6 డెసిబెల్స్ తక్కువ. 2203లో లో ఇన్‌పుట్ ఒక గెయిన్ స్టేజీని దాటేస్తుంది, అంటే అది దాదాపు వేరే యాంప్.

8. శబ్దస్థాయి సమం చేయడం

దీనికి ఓపిక కావాలి. ఇది కుదిరితే మిగతావి చిన్న తప్పులున్నా నెట్టుకొస్తాయి.

1. ట్యూబ్ యాంపులు 15–20 నిమిషాలు వేడెక్కనివ్వండి.
2. ఫోన్‌ని ట్రైపాడ్ మీద, వినే కుర్చీ దగ్గర, చెవి ఎత్తులో పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు. మీరు పక్కకు తప్పుకోండి.
3. యాప్‌లో సి వెయిటింగ్ (బేస్‌ని దాదాపు పూర్తిగా లెక్కించే కొలత), స్లో, సగటు విలువ చూపించే అమరిక ఎంచుకోండి.
4. మాస్టర్ వాల్యూమ్ (గెయిన్‌ని కదపకుండా మొత్తం శబ్దాన్ని మార్చే నాబ్) లేని యాంప్‌తో మొదలుపెట్టండి. ఇక్కడ డీలక్స్ రివర్బ్. దాంట్లో వాల్యూమ్ మారితే టోన్ కూడా మారుతుంది, కాబట్టి కావాల్సిన పగులు దగ్గర దాన్ని పెట్టి మళ్లీ ముట్టుకోవద్దు.
5. లూపు మొత్తం ఒకసారి నడిపి సగటు రాసుకోండి.
6. మాస్టర్ ఉన్న యాంపుల్ని మాస్టర్‌తోనే ఆ అంకెకి తెండి. అర డెసిబెల్ లోపు రావాలి.
7. మాస్టర్ స్థానం దగ్గర టేప్ ముక్క అంటించి గీత గీయండి.
8. మళ్లీ ఒకసారి మొదటి యాంప్‌ని కొలవండి. అంకె మారి ఉంటే వోల్టేజీ చూడండి.

ఆ తర్వాత ఎ వెయిటింగ్‌కి (బేస్‌ని తక్కువగా లెక్కించే కొలతకి) మార్చి అన్నిటినీ ఇంకోసారి కొలవండి. సిలో సమంగా ఉన్న రెండు యాంపులు ఎలో 2 డెసిబెల్స్ తేడా చూపిస్తే, ఒకదాంట్లో బేస్ ఎక్కువున్నట్టు. అలాంటప్పుడు బేస్ ఎక్కువున్నది సిలో సమంగా కనిపించినా, మధ్యస్థాయిలో అన్యాయంగా వెనకబడుతుంది. రెండు కొలతల మధ్యలో రాజీ పడండి, ఆ తేడాని నోట్సులో రాయండి. అది కూడా టోన్ సమాచారమే.

ఫోన్ అంకె నిజమైన అంకె కాకపోవచ్చు, మనకు అక్కర్లేదు. అదే ఫోన్ అదే చోటునుంచి చూపించే తేడా చాలు. కాకపోతే శబ్దం బాగా ఎక్కువైతే ఫోన్ మైకే నలిగి తప్పు చెబుతుంది. 85–90 దగ్గర పనిచేయండి.

ఏ స్థాయిలో వింటే బాగు? రేపు ఎంత గట్టిగా వాయించబోతున్నారో అంతలోనే. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తక్కువగా తెలుస్తాయి. పడగ్గదిలో 65 డెసిబెల్స్ దగ్గర నచ్చిన అమరిక స్టేజీ మీద గుబగుబలాడుతుంది. ఇల్లు, స్టేజీ రెండూ మీ అవసరమైతే రెండు స్థాయిల్లో రెండు రౌండ్లు పెట్టండి.

వాట్లు చూసి భయపడనక్కర్లేదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. అదే స్పీకర్ మీద, డిస్టార్షన్ లేకుండా చూస్తే 22 వాట్ల యాంప్‌కీ 100 వాట్ల యాంప్‌కీ మధ్య తేడా 6.5 డెసిబెల్స్ చుట్టూ. అంటే రెట్టింపు గట్టి కూడా కాదు. మరోపక్క, అపార్ట్‌మెంటులో డీలక్స్ రివర్బ్ వాల్యూమ్‌ని కూడా 5 దగ్గర పెట్టడం కుదరదు. అలాంటప్పుడు యాటెన్యుయేటర్‌తో (యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి శబ్దం తగ్గించే డబ్బాతో) గానీ, 11వ అంచెలో చెప్పినట్టు లోడ్ బాక్స్‌తో గానీ పోల్చండి.

100 డెసిబెల్స్ దగ్గర చెవికి రోజు మొత్తంలో 15 నిమిషాలకు మించి మంచిది కాదు. 20 నిమిషాలకొకసారి 10 నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోండి. అలసిన చెవికి పదునైన యాంప్ కూడా మెత్తగానే ఉంటుంది.

9. వినే క్రమం

టోన్ జ్ఞాపకం సెకన్లలో మాసిపోతుంది. మార్పిడి తక్షణం జరగాలి, వినే ముక్క చిన్నదిగా ఉండాలి.

నాలుగు యాంపులున్నా ఒకేసారి రెండే వినండి. లూపులో ఒకే ముక్క, 5 నుంచి 8 సెకన్లు, ఒకటి రెండు ఒకటి రెండు అంటూ నాలుగుసార్లు. తర్వాత ముక్క మార్చండి. ఒక్కో ముక్కలో ఒక్కటే వినండి:

- లావు తీగ స్వరం: దెబ్బ పడగానే బిగువుగా ఉందా, లేక కుంగి లేస్తోందా?
- ఓపెన్ కార్డు: ఆరు తీగలూ విడిగా తెలుస్తున్నాయా, ముద్దగా ఉన్నాయా?
- బెండ్: పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోందా?
- అరచేతి దెబ్బలు: దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం ఉందా?
- వాల్యూమ్ 5 దగ్గర: శుభ్రపడుతోందా, ఊరికే చిన్నబోతోందా?
- వాయించనప్పుడు: బుస్సు, హమ్ ఎంత?

‘వెచ్చగా’, ‘తియ్యగా’ అని రాస్తే వారం తర్వాత మీకే అర్థం కాదు. ‘రెండో యాంప్‌లో సన్న తీగ దెబ్బ ముందుకు పొడుస్తోంది, లావు తీగ ఆలస్యంగా వస్తోంది’ అని రాయండి. మార్కులు వేయకండి.

బిగువు తేడాకి కారణం కూడా తెలుసుకుంటే చెవికి ఏం వెతకాలో తెలుస్తుంది. ఏసీ30 పవర్ స్టేజీలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిప్పి వెనక్కి పంపి సిగ్నల్‌ని అదుపు చేయడం) లేదు. అందువల్ల స్పీకర్ తన సహజ అనునాదం (రెజొనెన్స్) దగ్గర స్వేచ్ఛగా ఊగుతుంది. ఫెండర్, మార్షల్ దాన్ని కొంత అదుపులో పెడతాయి. చాలా సాలిడ్ స్టేట్ యాంపులు ఇంకా గట్టిగా పట్టి ఉంచుతాయి. ‘ట్యూబ్ ఫీల్’ అని చెప్పుకునేదాంట్లో ఇదొక పెద్ద భాగం.

10. పేరు తెలియకుండా వినడం

గ్రిల్ మీద బంగారు అక్షరాలు కనపడుతుంటే చెవి నమ్మదగ్గది కాదు. యాంపుల ముందు పలచటి దుప్పటి కట్టండి, లేదా వాటికి వీపు పెట్టి కూర్చోండి. ఇంకొకరు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే మొదటిది, బొరుసు పడితే రెండోది నడపాలి. వాళ్లు కాగితం మీద రాసుకుంటారు, మీరు విడిగా రాసుకుంటారు. స్విచ్ నొక్కే చప్పుడు ఒక్కో యాంప్‌కి ఒక్కోలా ఉంటే గుట్టు రట్టే, కాబట్టి ప్రతిసారీ ఇష్టమొచ్చినన్నిసార్లు నొక్కి, చివరికి నాణెం చెప్పిన యాంప్ దగ్గర ఆపమనండి.

10 సార్లలో 9 లేదా 10 సరిగ్గా చెబితే తేడా మీకు నిజంగా వినపడుతున్నట్టే. ఊరికే ఊహించి అన్ని కొట్టడానికి ఉన్న అవకాశం ఒక శాతం చుట్టూ. 8 వస్తే 5 శాతానికి కాస్త పైన, కాబట్టి ఇంకో పది చేయండి. 6, 7 వస్తే ఆ అమరికలో ఆ రెండు యాంపుల మధ్య మీకు తేడా తెలియడం లేదు. ధర తక్కువున్నది తీసుకోండి.

11. రికార్డు చేసి పోల్చడం

మైక్‌ని గ్రిల్‌కి 2–3 సెంటీమీటర్ల దూరంలో, స్పీకర్ మధ్యనున్న గుండ్రటి టోపీ అంచు దగ్గర పెట్టండి. ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే రెండు యాంపుల మధ్య తేడా కంటే ఎక్కువ మార్పు వస్తుంది. అందుకే ఇక్కడ ఒకే క్యాబినెట్, కదలని మైక్ తప్పనిసరి. స్టాండ్ కాళ్లకు టేప్ వేయండి.

- గిటార్‌ని ముందు నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి రికార్డు చేయండి. శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు.
- ఆ ట్రాక్‌ని రీయాంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ స్థాయికి తగ్గించే డబ్బా) ద్వారా ఒక్కో యాంప్‌కి పంపండి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌ని తిన్నగా గుచ్చితే ఇన్‌పుట్ స్టేజీ అనవసరంగా మునుగుతుంది.
- మైక్ ప్రీయాంప్ గెయిన్‌ని మధ్యలో ముట్టుకోవద్దు.
- అన్ని ట్రాకుల్నీ ఒకే లౌడ్‌నెస్‌కి, ఉదాహరణకి మైనస్ 23 లఫ్స్‌కి (LUFS, చెవికి తెలిసే గట్టితనపు కొలత) తేండి. శిఖరాల్ని సమం చేస్తే లాభం లేదు, డిస్టార్ట్ అయిన ట్రాక్ అప్పుడు కూడా గట్టిగానే ఉంటుంది.

లోడ్ బాక్స్ వాడితే రియాక్టివ్ రకమే ఎంచుకోండి. మామూలు రెసిస్టర్ లోడ్‌కి స్పీకర్‌లా కిందా పైనా ఇంపీడెన్స్ పెరగదు, ట్యూబ్ యాంప్ దాని మీద చప్పగా పలుకుతుంది. అన్నిటికీ ఒకే ఐఆర్ (క్యాబినెట్, మైక్ గుణాల్ని అనుకరించే ఫైలు) పెట్టాలి.

మోడలర్‌ని (యాంపుల్ని డిజిటల్‌గా అనుకరించే పరికరాన్ని) నిజమైన యాంప్‌తో పోల్చేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. మోడలర్ హెడ్‌ఫోన్‌లో వినిపించేది మైక్ పట్టిన సౌండు, గదిలో మీరు వినేది పచ్చి స్పీకర్ సౌండు. రెండిటినీ రికార్డు చేసి పోల్చండి. లేదా మోడలర్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ ఆపి, పవర్ యాంప్ ద్వారా అదే క్యాబినెట్‌లోంచి వినండి.

12. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- రెండు యాంపులు కలిపి మోగిస్తే సౌండు పలచబడింది: ఒకటి పొలారిటీ తిప్పుతోంది. ఏబీవై బాక్సులో ఫేజ్ స్విచ్ నొక్కండి. విడివిడిగా వినేటప్పుడు దీనితో పని లేదు.
- రెండో రోజు అదే యాంప్ వేరేగా ఉంది: వోల్టేజీ, తీగలు, కుర్చీ స్థానం, ఈ వరసలో చూడండి.
- ఒక యాంప్ ఎప్పుడూ మొద్దుగా ఉంది: దానికి వెళ్తున్న కేబుల్ మార్చి చూడండి. తర్వాతే నాబులు.
- ఒక ట్యూబ్ యాంప్ బలహీనంగా, బురదగా ఉంది: అరిగిన పవర్ ట్యూబులు, తప్పిన బయాస్ (ట్యూబుల కరెంటు అమరిక) అయ్యుండొచ్చు. మెకానిక్‌కి చూపించాకే పోలికలో పెట్టండి.
- డిస్టార్షన్ పెడల్ పెట్టి పోల్చారు: అప్పుడు విన్నది ఎక్కువగా పెడల్‌నే. ముందు పెడల్ లేకుండా, తర్వాత మీరు రోజూ వాడే పెడల్‌తో ఇంకో రౌండు.
- ఒంటరిగా బాగున్నది బ్యాండులో మాయమైంది: మధ్యస్థాయి తక్కువగా ఉన్న అమరిక అది. రికార్డు చేసిన డ్రమ్స్, బేస్ ట్రాక్ నడిపి దాని మీద మళ్లీ పోల్చండి.
- వీడియోలో విన్నదాన్ని ఇంకో వీడియోతో పోల్చారు: మైక్, గది, మిక్స్ అన్నీ వేరు. ఒకే వీడియోలోని రెండు యాంపుల మధ్య తేడా వరకే లెక్కలోకి తీసుకోండి.

13. షాపులో అరగంటే ఉంటే

- మీ గిటార్, మీ కేబుల్, లూపర్ తీసుకెళ్లండి. షాపు గిటార్‌తో విన్నది మీ ఇంట్లో పలకదు.
- ఇంట్లోనే లూపు రికార్డు చేసుకుని వెళ్తే షాపులో పది నిమిషాలు మిగులుతాయి.
- రెండు యాంపుల్నే అడగండి, ఒకే ఎత్తులో పెట్టించండి.
- ఫోన్ యాప్‌తో 1 డెసిబెల్ లోపు సమం చేయండి.
- 15 నిమిషాలు లూపుతో, 10 నిమిషాలు చేత్తో, అందులో సగం గిటార్ వాల్యూమ్ తగ్గించి.
- మీరు ఇంట్లో వాడే శబ్దస్థాయిలో ఒకసారి తప్పక వినండి. సేల్స్ కుర్రాడు వాల్యూమ్ పెంచబోతే వద్దనండి.
- నాబుల ఫొటో తీసుకుని బయటికి రండి, మర్నాడు ఫోన్ చేసి ధర అడగండి.